పని కుక్కలకు ఫ్రీజ్ బ్రాండింగ్ వేయించవచ్చా? రెండు పిరనీస్, ఒక కెల్పీ

#1 మేకలమధు (డికేటర్, టెక్సాస్)

అందరికీ నమస్తే. ఇక్కడ కుక్కల మీద పట్టున్నవాళ్లూ, పశువైద్యులూ ఉన్నారని ఈ ప్రశ్న తెచ్చాను.

ఫోర్ట్‌వర్త్‌కి వాయవ్యంగా డికేటర్ దగ్గర నలుగురం కలిసి కొంత భూమి కొని బోయర్ మేకలు పెంచుతున్నాం. వారమంతా కంప్యూటర్ల ముందు, శని ఆదివారాలు మేకల వెనక. కాపలాకి రెండు గ్రేట్ పిరనీస్, భీముడు, గౌరి. రెండూ తెల్లగా, ఒళ్లంతా బొచ్చు. మేకల్ని మళ్లించడానికి ఒక నల్ల కెల్పీ, ఆడది, పేరు కాటుక.

కిందటి నెల భీముడు కంచె దూకి పోయాడు. పిరనీస్ పెంచినవాళ్లకి చెప్పక్కర్లేదు, కంచె మనకే గానీ వాటికి కాదు. రోడ్డు వెంట నడుస్తుంటే ఎవరో పాపం దిక్కులేని కుక్క అనుకుని కారెక్కించుకుని షెల్టర్లో (తప్పిపోయిన జంతువుల్ని ఉంచే చోట) అప్పజెప్పారు. మెడపట్టీ ముళ్లపొదల్లో ఎక్కడో ఊడిపోయింది. చిప్ ఉంది. కానీ చర్మం కింద పెట్టిన ఆ గుర్తింపు చిప్ మాకు కుక్కని అమ్మినాయన పేరు మీదే ఉంది, ఆయన ఇచ్చిన నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు. షెల్టర్ వాళ్లు ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫొటో పక్క రాంచ్ ఆవిడ చూసి చెప్పబట్టి సరిపోయింది. లేకపోతే ఇంకెవరికో దత్తత ఇచ్చేసేవాళ్లే.

ఇది విని ఇంకో పొరుగాయన, ఆవులు పెంచుతాడు, "ఫ్రీజ్ బ్రాండ్ వేసెయ్, నా కుక్కలన్నిటికీ ఉంది" అన్నాడు. బాగా చల్లబరిచిన లోహపు అచ్చుని ఒంటికి ఆనించి చెరగని గుర్తు వేయడమట. ఆవులకు వాడే అచ్చులు తన దగ్గరున్నాయట. డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) తెచ్చుకుంటే ఒక్క పూటలో మూడింటికీ వేసేద్దామంటున్నాడు.

ఎవరైనా వేయించారా? నొప్పి ఎంత ఉంటుంది? తెల్ల కుక్కల మీద అసలు కనిపిస్తుందా? చట్టపరంగా ఇబ్బందేమైనా ఉందా?

#2 బౌబౌ_భాగ్యనగరం (హైదరాబాద్)

మధు గారూ, చదువుకున్నవాళ్లు మీరు కూడా ఇలా అడిగితే ఎలాగండీ? చల్లటి వాత అయితే మాత్రం వాత కాదా? మీరే రాశారు, చిప్ ఉంది, పేరు మార్పించలేదు అంతే. అది మార్పించుకుంటే ఆన్‌లైన్లో పది నిమిషాల పని. దానికి కుక్క ఒళ్లు కాల్చడం దేనికి? మా ఊళ్లో వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసినప్పుడు కూడా మత్తులో ఉండగా చెవి చివర చిన్న గాటు పెడతారు, అంతకు మించి ఏమీ చేయరు.

#3 జార్జియా_హౌండ్స్ (జార్జియా)

అక్కా, కాల్చడం కాదు, గడ్డకట్టించడం. మీ కోపం అర్థమైంది గానీ ఇది ఇక్కడ ఎందుకు మొదలైందో కూడా వినండి.

నేను ఇక్కడి స్నేహితులతో కలిసి రాత్రిపూట రకూన్ వేటకి వెళ్తుంటాను. కూన్‌హౌండ్లు (రకూన్ వేటకి పెంచే కుక్కలు) వాసన పట్టాయంటే మైళ్లకి మైళ్లు పోతాయి, మనం టార్చ్ పట్టుకుని వెనక. మెడలో జీపీఎస్ కాలర్ ఉంటుంది, అది వందల డాలర్ల సరుకు. మంచి హౌండ్ అయితే వేలల్లో పలుకుతుంది. దొంగ చేసే మొదటి పని కాలర్ కోసి కాలవలో పారేయడం. ఆ తర్వాత ఆ కుక్క ఎవరిదో నిరూపించడానికి మన దగ్గర ఏముంది? చిప్ ఉందంటారు. చిప్ చదవాలంటే ఎవరో ఒకరు స్కానర్ పట్టుకుని దాని మెడ మీద ఆనించాలి. కొన్నవాడు ఆ పని ఎందుకు చేస్తాడు?

డొక్క మీదో తొడ మీదో తెల్లటి అక్షరాలు రెండు కనిపిస్తుంటే మాత్రం పికప్‌లో ఎక్కించే ముందే దొంగ ఆలోచిస్తాడు. అమ్మకానికి పెట్టిన ఫొటోలో కూడా ఆ అక్షరాలు కనిపిస్తాయి. ఇక్కడ పాత వేటగాళ్లు ఇంటిపేరు, సొంత పేరు మొదటి అక్షరాలు వేయిస్తారు.

మధు అన్నా, నీ కాటుకకి ఓకే. తెల్లవాటి సంగతి డాక్టర్ గారు చెప్పాలి.

#4 మేకలమధు

దొంగతనం భయం కన్నా నాకు "పాపం దిక్కులేని కుక్క" అనుకునే మంచివాళ్ల భయమే ఎక్కువ తమ్ముడూ. కాపలా కుక్క మందలోనే పడుకుంటుంది, ఒంటి మీద మట్టి, తోకకి ముళ్లు. ఊరి నుంచి వచ్చినవాళ్లకి అది అనాథలా కనిపిస్తుంది మరి.

#5 డా_శ్రీవల్లి (ఓక్లహోమా, పశువైద్యురాలు)

మధు గారూ, ఈ పని నేను ఎక్కువగా గుర్రాలకు చేశాను, పశువుల కుక్కలకు కూడా చేశాను. తిరుపతిలో చదివినప్పుడు దీని పేరు పరీక్ష కోసం బట్టీపట్టడమే, ఇక్కడికొచ్చాకే చేత్తో చేయడం. తీరిగ్గా రాస్తున్నా, కాస్త పొడుగవుతుంది.

ఇది 1966లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కీత్ ఫారెల్ అనే పశువైద్యుడు, ఆయన సహచరులు బయటపెట్టిన పద్ధతి. అప్పుడు అమెరికన్ పశువైద్య సంఘం పత్రికలో వాళ్ల వ్యాసం వచ్చింది. ఆ శీర్షికలోనే ఆవులతో పాటు కుక్కలు, పిల్లులు కూడా ఉన్నాయి. కాబట్టి "ఆవులది తెచ్చి కుక్కకి అంటగట్టారు" అనడం సరికాదు, మొదటి నుంచీ కుక్క ఆ లెక్కలో ఉన్నదే. కానీ గుర్రాల దగ్గర స్థిరపడినంతగా కుక్కల దగ్గర స్థిరపడలేదు.

జరిగేది ఇదీ. వెంట్రుక కుదురులో రంగు తయారుచేసే కణాలుంటాయి, వెంట్రుకని పెంచే కణాలుంటాయి. చలికి ముందు చచ్చేవి రంగు కణాలు. బాగా చల్లబరిచిన లోహపు అచ్చుని సరిగ్గా తగినంతసేపు ఆనిస్తే రంగు కణాలు పోతాయి, పెంచే కణాలు బతుకుతాయి. తర్వాత అక్కడ వచ్చే వెంట్రుక తెల్లగా వస్తుంది, జీవితాంతం తెల్లగానే ఉంటుంది. ఇంకాసేపు ఆనిస్తే రెండూ పోయి అక్కడ బోడి మచ్చ మిగులుతుంది.

ఇక్కడే మీ తెల్ల కుక్కల సంగతి తేలిపోతుంది. తెల్ల బొచ్చు మీద తెల్ల వెంట్రుక ఏం కనిపిస్తుంది? తెల్ల గుర్రాలకి, తెల్ల ఆవులకి కావాలనే ఎక్కువసేపు ఆనించి బోడి అక్షరం వచ్చేలా చేస్తారు. పొట్టి వెంట్రుకల జంతువుకి అది పనికొస్తుంది. పిరనీస్‌కి రెండు పొరల బొచ్చు. మీరు ఎంత పెద్ద అక్షరం వేసినా చుట్టూ ఉన్న జూలు వచ్చి కప్పేస్తుంది. చదవాలంటే ప్రతిసారీ గొరగాలి. గొరిగితే ఎండకి ఆ గులాబీ చర్మం మాడుతుంది. కుక్కకి బాధ మిగులుతుంది, మీకు గుర్తు మిగలదు. భీముడికీ గౌరికీ వద్దు, నేనైతే చేయను.

కాటుక విషయం వేరు. నల్లది, పొట్టి వెంట్రుక. చక్కగా వస్తుంది.

నొప్పి గురించి. "అసలు నొప్పే ఉండదు" అని అచ్చులు అమ్మేవాళ్లు చెప్తే నమ్మకండి. ఆనించిన మొదటి కొన్ని సెకన్లు చురుక్కుమంటుంది, తర్వాత ఆ చోటు మొద్దుబారుతుంది, కరిగేటప్పుడు మళ్లీ నొప్పి, వాపు. 1990ల్లో టెక్సాస్‌లో, కెనడాలో పశువుల మీద పోల్చి చూశారు. ఎర్రగా కాల్చిన ఇనుము కన్నా దీనికి విదిలింపు, వాపు తక్కువ. కానీ సున్నా కాదు. భాగ్యనగరం గారి ఆందోళన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. నేను మాత్రం కుక్కకి మత్తు, నొప్పి మందు లేకుండా ముట్టుకోను. కారణం దయ ఒక్కటే కాదు. కుక్క కదిలితే అచ్చు జరుగుతుంది, ఒక అక్షరం రెండుగా పడుతుంది, అది ఇక ఎప్పటికీ అంతే.

ఎన్ని సెకన్లు అని నన్ను అడగకండి, ఇక్కడ రాయను. పెద్ద ఆవుకి ద్రవ నత్రజనితో అర నిమిషం దరిదాపు పడుతుంది, గుర్రానికి అందులో సగం కూడా అక్కర్లేదు. కుక్క చర్మం ఇంకా పల్చన. ఆవు లెక్క కుక్కకి వాడితే చర్మం కుళ్లి ఊడిపోతుంది, పుండు మానడానికి నెలలు.

పొరుగాయన అచ్చుల గురించి ఒక ప్రశ్న: అవి ఎంత పొడుగు? ఏ లోహం?

#6 మేకలమధు

డాక్టర్ గారూ, ధన్యవాదాలు, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే వెళ్లి చూశాను. అచ్చులు నా అరచేయంత ఉన్నాయి, నాలుగు అంగుళాలు ఉంటాయేమో. నల్లగా ఉక్కులా ఉన్నాయి. ఆయనకి ఒక సూపర్‌మార్కెట్‌లో డ్రై ఐస్ దొరుకుతుందట, ఆల్కహాల్‌లో ముంచి వాడతానంటున్నాడు.

#7 డా_శ్రీవల్లి

వద్దు. ఉక్కువైతే అవి నిప్పులో కాల్చే అచ్చులు. దీనికి రాగివో ఇత్తడివో కావాలి, మందంగా ఉండాలి, అప్పుడే చలిని పట్టి ఉంచి చర్మంలోకి దింపుతాయి. నాలుగంగుళాలంటే ఆవు తొడకి సరిపోయే కొలత, కెల్పీ తొడ మీద ఒక్క అక్షరమే పట్టదు.

డ్రై ఐస్, ఆల్కహాల్ పద్ధతి ఉంది, పాతదే. కానీ అది సున్నాకి 78 డిగ్రీల కిందే, ద్రవ నత్రజని 196 డిగ్రీల కింద. చలి తక్కువైనకొద్దీ ఎక్కువసేపు ఆనించాలి, అంత సేపూ కుక్క కదలకూడదు, ఒత్తిడి మారకూడదు. కొత్త చేతికి గుర్తు సగం తెల్లగా సగం నెరిసినట్టు వస్తుంది.

#8 సిరిసిల్ల_గోపాలమిత్ర (తెలంగాణ)

అందరికి నమస్తే. కుక్కల సంగతి నాకు ఎక్కువ తెల్వదు గని నైట్రోజన్ సంగతి తెలుసు, ఎదకొచ్చిన బర్లకు ఇంజక్షన్ ఏసుడు నా పని. సెమన్ స్ట్రాలు (వీర్యం నింపిన సన్న గొట్టాలు) గా ద్రవ నైట్రోజన్‌లనే ఉంటయి, బండి మీద చిన్న క్యాన్ ఎప్పుడు నాతోనే.

మధన్నా, ఎవలన్న నైట్రోజన్ తెచ్చుకుంట అంటే పైలం. ఒక్క లీటర్ ద్రవం గ్యాసైతే ఏడు వందల లీటర్ల దాక ఐతది. వాసన రాదు, రంగు లేదు. కార్ల అద్దాలు ఎక్కించుకోని క్యాన్ ఏసుకొని పోతే లోపల గాలి మొత్తం అదే నింపుతది, మనిషికి తెల్వకముందే సోయి తప్పుతది. పికప్ ట్రక్కుల ఎనుక పెట్టుకోవాలె, పడకుంట కట్టాలె. మూత ఎన్నడు గట్టిగ బిగించద్దు, లోపల గ్యాస్ బయటికి పోవాలె, లేకుంటే పేల్తది.

ఇంకోటి. తడి గ్లౌజులు అస్సలే వద్దు, చెయ్యికి అతుక్కొని గడ్డ కడ్తది. పొడి గ్లౌజులు, జర లూజువి, గుంజితే వెంటనే ఊడేటివి. కండ్లకు అద్దాలు. ప్యాంటు బూట్ల లోపలికి దోపద్దు, బయటికే ఉండాలె. చుక్క బూట్ల పడితే తీసే దాక కాలుతనే ఉంటది. ఎంత మిగిలిందో చూసేతందుకు మేం కట్టె ముంచి తీస్తం, బయటికి తీసి జర గాలికి ఊపితే తెల్లగ మంచు పడుతది కదా, గా మంచు ఎంత ఎత్తు దాక ఉంటే గంత నైట్రోజన్ ఉన్నట్టు. లోపలికి వేలు పెట్టి, టార్చ్ పెట్టి చూసుడు కాదు.

#9 గొర్లమంద_అనంత (అనంతపురం)

అందరికీ దండాలు. అమెరికా ఇసయం మాకెందుకులే అనుకుంటానే కడాకు చదివినాను.

మా తావ గొర్రెకి చెవి కోత గుర్తు, ఒక్కో ఇంటికి ఒక్కో తీరు. సంతకి తోలేటప్పుడు వీపు మీద రంగు. అచ్చేసి వదిలేది ఆంబోతుని, దేవుడి పేరు మీద. కుక్కకి మాత్రం ఎవరూ ఏమీ ఎయ్యరు. తోడేలు గొంతు పట్టకుండా ముళ్ల పట్టీ కడతాము, అంతే. తప్పిపోతే ఏం జేస్తారంటారా, పక్క మందోళ్లకి మా కుక్క మొకం తెలుసు, పేరు పెట్టి పిలిచి అప్పజెప్తారు. మీ రోడ్డు మీద పొయ్యేటోళ్లకి ఆ యవ్వారం తెలీదు గదా, అదే మీకొచ్చిన కష్టం.

మధూ సామీ, ఒగటి అడుగుతా. ఆ తెల్ల కుక్క కంచె దాటి ఎందుకు పోయినట్టు? మగదా? ఆడకుక్క ఎదకొచ్చిందా యాడన్నా?

#10 మేకలమధు

అన్నా, కాయలు కొట్టించాం, ఆడకుక్క కోసం కాదు. మా కంచెకి అవతల రాత్రుళ్లు కొయోటీలు (ఇక్కడి నక్కల్లాంటివి) కూస్తాయి. వాటిని తరుముకుంటూ పోయి ఉంటాడు. తరిమేశాక వెనక్కి రావాలనే తొందర మాత్రం ఉండదు వాడికి.

#11 శాన్ఆంటోనియో_వేణు (టెక్సాస్)

టాటూ సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదేం? మా ఊళ్లో లాక్‌ల్యాండ్ స్థావరంలోనే అమెరికా సైన్యం కుక్కలకి శిక్షణ. అక్కడ ప్రతి కుక్కకీ ఎడమ చెవి లోపల ఒక అక్షరం, మూడు అంకెలు టాటూ ఉంటుంది. ఆ నంబరు మీదే దాని చికిత్స, శిక్షణ, బదిలీ రికార్డులన్నీ. అక్కడే పుట్టిన పిల్లలకి పేరులో మొదటి అక్షరం రెండుసార్లు రాస్తారు, కాగితం మీద పేరు చూడగానే ఇది సొంతంగా పెంచిన కుక్క, కొన్నది కాదు అని తెలిసిపోతుంది. రేసు గ్రేహౌండ్లకి కూడా చెవి టాటూయే.

మధు గారి పిరనీస్‌కి చెవి లోపలో, తొడ లోపలి వైపో టాటూ ఎందుకు వద్దు? అక్కడ బొచ్చు తక్కువ, చర్మం లేత రంగు.

#12 డా_శ్రీవల్లి

వేణు గారి సలహా మంచిదే. కానీ చెవి టాటూ ఏళ్లు గడిచేకొద్దీ పచ్చగా పాలిపోయి చదవడం కష్టమవుతుంది. సైన్యంలో కుక్కని రోజూ చూసే హ్యాండ్లర్ ఉంటాడు, చెవి తిప్పి చూడాలని అతనికి తెలుసు. రోడ్డు మీద కుక్కని ఎక్కించుకున్న మనిషికి తెలియదు. షెల్టర్లో కూడా చెవి వెనక్కి మడిచి చూసేవాళ్లు తక్కువ, స్కానర్ మాత్రం అందరూ పెడతారు. తొడ లోపల అయితే కాస్త నయం, మత్తు ఇచ్చి వేరే ఏదైనా చేయించేటప్పుడు దాంతోపాటు వేయించండి.

మధు గారి సమస్య షెల్టర్ దాకా వెళ్లిన కుక్క. అక్కడ మొదట పనికొచ్చేది చిప్పే. 2009లో ఒహాయో స్టేట్ వాళ్లు ప్రచురించిన లెక్క ఉంది: షెల్టర్లకి వచ్చిన తప్పిపోయిన కుక్కల్లో మొత్తం మీద 21.9 శాతమే యజమానికి చేరాయి, చిప్ ఉన్నవాటిలో 52.2 శాతం చేరాయి. మరి చిప్ ఉండి కూడా చేరనివెందుకు చేరలేదని చూస్తే మూడో వంతుకి పైగా కేసుల్లో కారణం ఒకటే, ఫోన్ నంబరు తప్పు లేదా పనిచేయట్లేదు. భీముడిదీ అదే కథ.

చిప్ అంటే జీపీఎస్ కాదు, అందులో బ్యాటరీ ఉండదు. బియ్యపు గింజంత గాజు గొట్టం. స్కానర్ తరంగం తగిలితేనే తన పదిహేను అంకెల నంబరు చెప్తుంది. ఆ నంబరుకి పేరు, ఫోన్ జతచేసే పని రిజిస్ట్రీది. కొన్న రోజే బదిలీ కాగితం రాయించుకోవాలి. అమ్మకందారు దొరక్కపోతే మీ కొనుగోలు రసీదు, వ్యాక్సిన్ కాగితాలు పెట్టి రిజిస్ట్రీకే రాయండి.

#13 జార్జియా_హౌండ్స్

డాక్టర్ గారూ, ఆ 52 శాతం షెల్టర్‌కి చేరిన కుక్కల్లో. దొంగిలించిన కుక్క షెల్టర్‌కి రాదు కదా? అది ఆ లెక్కలోనే లేదు. మా హౌండ్లు పోయేది షెల్టర్‌కి కాదు, మూడు కౌంటీల అవతల ఎవడి కెన్నెల్లోకో.

#14 బౌబౌ_భాగ్యనగరం

తమ్ముడూ, మీరు వేటకి తీసుకెళ్లకుండా ఉంటే పోనే పోవు :) సరే, గొడవకి కాదు.

డాక్టర్ గారు మత్తు, నొప్పి మందు అన్నాక నా అభ్యంతరం సగం తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇక్కడ చదివి మన ఊళ్లో ఎవరైనా రాజపాళయం, ముధోల్ లాంటి మన దేశీ జాతి కుక్కలకి చలి వాత పెట్టించుకుందాం అని బయల్దేరతారేమోనని నా భయం. 1960 జంతు హింస నివారణ చట్టంలో బ్రాండింగ్‌కి మినహాయింపు ఉంది గానీ అది "నిర్దేశించిన పద్ధతిలో" అని షరతుతో ఉన్న మినహాయింపు, మనిష్టం వచ్చినట్టు చేయడానికి కాదు. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాల్లో చిప్ గురించే ఉంది. మన దగ్గర కుక్కకి చిప్ చాలు. ఆపరేషన్ అయిన వీధికుక్కకి చెవి గాటు. దాంతో దూరం నుంచే తెలుస్తుంది, మళ్లీ పట్టుకుపోరు.

#15 జార్జియా_హౌండ్స్

చూశారా అక్కా, మీ చెవి గాటు కూడా దూరం నుంచి కనిపించాలనే కదా. నేను మొదట్నుంచీ చెప్పేది కూడా అదే.

#16 బౌబౌ_భాగ్యనగరం

అది ఎలాగూ మత్తులో ఉన్న కుక్కకి, అది కూడా ఆ కుక్క మేలుకే. మీది మీ ఆస్తి కాపాడుకోవడానికి. రెంటికీ పోలికేంటి?

#17 నిర్వాహకుడు

వేట మీద చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడికి వెళ్లండి. దీని కింద వచ్చిన ఆరు సందేశాలు అక్కడికి మార్చాను. ఇక్కడ మధు గారి ప్రశ్న వరకే.

#18 మేకలమధు

నిర్వాహకులకు థాంక్స్. మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, కాటుకకి ఏం వేయించాలి, ఫోన్ నంబరా, అక్షరాలా? రెండు, టెక్సాస్‌లో బ్రాండ్ రిజిస్టర్ చేయించాలంటున్నారు, నిజమేనా? మూడు, ఒంటి మీద ఏ చోట?

#19 డా_శ్రీవల్లి

ఫోన్ నంబరు వద్దు. పది అంకెలు పట్టవు, పైగా నంబర్లు మారతాయి. గుండ్రంగా మూసుకుపోయే అక్షరాలు, అంకెలు కూడా తప్పించండి. వాపు వచ్చినప్పుడు మధ్యలో ఖాళీ చిన్నదై 8, బి లాంటివి ఒక తెల్ల మరకలా కలిసిపోతాయి. అందుకే మంచి అచ్చుల్లో గీతలు కలిసేచోట చిన్న సందు వదుల్తారు. ఈ బెడద లేకుండా ఫారెల్ బృందమే కోణాల పద్ధతి ఒకటి తయారుచేసింది. అందులో అంకెలుండవు, లంబకోణపు గీతలు, సమాంతర గీతలు ఏ వైపు తిరిగి ఉన్నాయన్నదే అంకె. పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వం పట్టే అడవి గుర్రాలకి మెడ ఎడమ పక్క జూలు కింద వేసేది అదే, పుట్టిన సంవత్సరం, రిజిస్టర్ నంబరు అందులోనే ఉంటాయి. ఒక గీతని ఇంకో గీతగా మార్చలేరు. కానీ మీ పొరుగువాళ్లకి అది చదవడం రాదు. మీకు రెండు సూటి గీతల అక్షరాలు చాలు.

చోటు: తొడ పై భాగంలో, కండ ఉన్న చోట. ఎముక పైకి తేలిన చోట వద్దు, అక్కడ చర్మం కింద మెత్తదనం లేక గాయం లోతవుతుంది. ఎదుగుదల పూర్తయిన కుక్కకే వేయించండి, పిల్లకి వేస్తే దాంతోపాటే అక్షరమూ సాగుతుంది.

రిజిస్ట్రేషన్ సంగతి వేణు గారికి బాగా తెలుస్తుంది.

#20 శాన్ఆంటోనియో_వేణు

టెక్సాస్‌లో పశువుల బ్రాండ్ కౌంటీ క్లర్క్ దగ్గర రిజిస్టర్ చేయిస్తారు, పదేళ్లకోసారి మళ్లీ చేయించాలి. అది ఆవులు, గుర్రాలు, మేకల లాంటి పశువుల కోసం. మీ మేకలకి ఎలాగూ కావాలి కాబట్టి ఒక గుర్తు రిజిస్టర్ చేయించి, కాటుకకి కూడా అదే వేయిస్తే మీ వాదనకి బలం ఉంటుంది. కుక్కకి దానంతట అది హక్కు పత్రం అనుకోకండి. రేబీస్ టీకా కాగితం, చిప్ రిజిస్ట్రేషన్, ఫొటోలు, వీటితో కలిపి చూపించాలి. డాలస్, శాన్ ఆంటోనియో నగరాల్లో కుక్కకి చిప్ ఎలాగూ తప్పనిసరి, మీది ఊరి బయట కాబట్టి ఆ నియమం తగలదు.

#21 గొర్లమంద_అనంత

సామీ, తెల్ల కుక్కలకి ఎర్ర పట్టీ ఏసి పేరు రాయిస్తే సరిపోదా? ఊడిపోతే ఇంగోటి. పది పట్టీలు కొన్నా వాతకయ్యేంత ఖర్చు కాదు.

#22 మేకలమధు

చాలాకాలం తర్వాత వస్తున్నాను. ఏం చేశామో చెప్పాలి కదా.

భీముడు, గౌరిల చిప్‌లు మా పేరుకి మారాయి. అమ్మినాయన దొరకలేదు, రసీదు, టీకా కాగితాలు పంపితే రిజిస్ట్రీ వాళ్లే మార్చారు. అనంతపురం అన్న మాట విని నారింజ రంగు వెడల్పు పట్టీలు తెప్పించాం. పట్టీకి వేలాడే బిళ్ల కాకుండా రేకు పలకనే పట్టీకి రివెట్లతో కొట్టించాం, దాని మీద "కాపలా కుక్క, పనిలో ఉంది" అని, ఫోన్ నంబరు. రోడ్డు పక్క కంచెకి బోర్డు కూడా. బోర్డు పెట్టాక ఒకావిడ ఫోన్ చేసి "మీ కుక్క గేటు బయట కూర్చుంది, బాగానే ఉందా" అని అడిగింది. ఎక్కించుకుపోలేదు!

కాటుకకి మాత్రం బ్రాండ్ వేయించాం. పొరుగాయన దగ్గర కాదు, గుర్రాలకు వేసే ఒక పశువైద్యుడి దగ్గర. నేను దగ్గరే ఉండి చూశాను. మత్తిచ్చి, ఎడమ తొడ మీద చర్మం కనిపించేదాకా గొరిగి, ఆల్కహాల్‌తో తడిపారు. థర్మోకోల్ పెట్టెలో నత్రజని, అందులో రాగి అచ్చులు. ముంచగానే సలసలా బుడగలు. ఆ బుడగలు ఆగేదాకా ఆయన కదల్లేదు. అచ్చు తీసి ఆనించి, ఇంకొకామె గడియారం చూసి సెకన్లు చదువుతుంటే ఆమె ఆగమన్న క్షణంలో ఎత్తేశారు. చర్మం మీద అక్షరం లోతుగా, తెల్లగా, గట్టిగా పడింది, వేలితో తాకితే రేకులా ఉంది. కాసేపటికి అదే అక్షరం వాచి పైకి తేలింది. కాటుక ఆ సాయంత్రం మత్తు దిగాక రెండుసార్లు అటు తిరిగి నాకబోయింది, తర్వాత పట్టించుకోలేదు. నాకకుండా మెడ చుట్టూ శంఖం ఆకారపు పట్టీ వేయమన్నారు, వేశాం.

కొన్ని వారాలకి అక్కడ పొలుసు లేచి, ఉన్న కాస్త వెంట్రుకా ఊడింది. అప్పుడు మా ఆవిడ నన్ను మామూలుగా తిట్టలేదు. వేసవి దాటేసరికి తెల్ల వెంట్రుకలు మొలిచాయి. ఇప్పుడు గేటు దగ్గర నుంచే చదవచ్చు. రెండో అక్షరం కింది మూల కొంచెం పల్చగా వచ్చింది, అక్కడ అచ్చు సరిగ్గా ఆనలేదనుకుంటా.

#23 జార్జియా_హౌండ్స్

సూపర్ అన్నా. ఫొటో పెట్టు. పల్చగా వచ్చిన మూల మీద మళ్లీ వేయించొచ్చా డాక్టర్ గారూ?

#24 డా_శ్రీవల్లి

వద్దు. అదే చోట మళ్లీ ఆనిస్తే గీతలు కచ్చితంగా కలవవు, చుట్టూ మంచి చర్మం కూడా దెబ్బతింటుంది. చదవడానికి వస్తోంది కదా, చాలు.

మధు గారూ, ఈసారి రేబీస్ టీకాకి వెళ్లినప్పుడు సర్టిఫికెట్‌లో రంగు, గుర్తులు రాసే గడిలో బ్రాండ్ అక్షరాలు, ఎడమ తొడ అని రాయించండి. చిప్ రిజిస్ట్రీలో కూడా అదే వివరం, ఒక ఫొటో చేర్చండి. తెల్ల వెంట్రుక బాగా కనిపించే ఫొటో కావాలి, శీతాకాలం బొచ్చు దట్టమయ్యేలోపే తీసి పెట్టుకోండి.

#25 మేకలమధు

రాయిస్తాను డాక్టర్ గారూ. టీకా వచ్చే నెలలోనే ఉంది. ఫొటో ఈ ఆదివారం తీస్తా, కాటుక ఒక్క క్షణం నిలబడితే.